చెదలు తినని పుస్తకం

మా ఇంట్లో ఒక రేకుపెట్టె ఉంది. పోయిన నవంబరు దాకా అందులో పీఠం మీద పరిచే తెల్లబట్టలు, క్రిస్మస్‌కు ముందు నాలుగు వారాల ఆగమనకాలంలో వారానికొకటి వెలిగించే నాలుగు కొవ్వొత్తులు, అన్నిటికీ అడుగున మైనపుగుడ్డలో చుట్టిన జ్ఞానస్నానాల పుస్తకం ఉండేవి. మా ఆయన ఇస్రాయేలు ఇరవై ఆరేళ్లు ఈ ఊరికి ఉపదేశి. ఫాదర్ నెలకొకసారి వనపర్తి నుంచి వచ్చి పూజ చేసి పోతే, మిగతా ఆదివారాలు జపాలు చెప్పించేదీ, పిల్లలకు సత్యోపదేశం నేర్పేదీ, ఊళ్లో ఎవరికి ఎప్పుడు జ్ఞానస్నానం అయిందో రాసిపెట్టేదీ ఆయనే. ఆయన పోయాక ఫాదర్ ఇంకో ఉపదేశిని పెట్టలేదు. పుస్తకం వనపర్తి మిషన్‌కు పంపమని మూడేళ్లుగా అడుగుతూనే ఉన్నాడు. నేను ఇవ్వలేదు. అందులో ఉన్నదంతా మా ఆయన చేతిరాత.

నేను పాతకాలపు మనిషినని మా కోడలు సరిత అంటుంది. నిజమే. పూజలో ఫాదర్ పెట్టే సత్ప్రసాదం మోకాళ్ల మీద ఉండి నాలుక మీదనే తీసుకుంటాను. కరోనా తర్వాత అందరూ చేతులు చాపడం మొదలుపెట్టినా నేను చాపలేదు. నెత్తిన ముసుగు లేకుండా గుడిలోకి పోను. శుక్రవారం నీసు ముట్టను. దవాఖానలో నర్సమ్మలు ఎంత తిట్టినా ఆపరేషన్ చేయించుకోలేదు. ఐదుగురిని కన్నాను, ఇద్దరు మిగిలారు. ఫోన్లో పూజ చూసేసి ఆదివారం గడిచిపోయిందనుకునేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఓటు ఎవరికెయ్యాలో పీఠం ముందు నిలబడి చెప్పే స్వాములన్నా, దేవుణ్ణి ఇంట్లో పెట్టి తాళమేసి రాజకీయానికి రమ్మనే నాయకులన్నా ఒకటే చిరాకు. ఆదివారం గుడిలో ఉన్న దేవుడే సోమవారం పంచాయతీ ఆఫీసులో కూడా ఉంటాడని నేను నమ్ముతాను. ఆ నమ్మకమే ఆ చలికాలంలో నా ప్రాణం మీదికి తెచ్చింది.

పంచాయతీ రిజర్వేషన్ల జాబితా వచ్చిన సాయంత్రం నేను, సరిత వాకిట్లో కూర్చుని పత్తికాయలు వలుస్తున్నాం. మా మరిది బుచ్చన్న గేటు తోసుకుంటూ వచ్చాడు. వెనక నా కొడుకు యేసుబాబు, పని దిగి వచ్చిన జేసీబీ డ్రైవరు బట్టలతోనే.

"వదినా, సర్పంచి మనకే పడ్డది! ఎస్సీ ఆడోళ్లకు!"

"మనకేంది, ఊరికి గదా," అన్నాను.

"ఊరికే. కుర్చీ మాత్రం మన వాడది. నలభై ఏండ్లకు ఒక్కసారి."

"ఎవల్ని నిలబెడ్తరు?"

బుచ్చన్న సరిత వైపు చూశాడు. సరిత తల ఎత్తలేదు. కాని ఆమె వేళ్లు వలవడం ఆపేశాయి.

"డిగ్రీ సదివిన ఆడపిల్ల వాడల ఇంకెవలున్నరు? అవతల మహిపాల్ పటేలు తన జీతగాడు భీమయ్య పెండ్లాన్ని నిలబెడ్తుండట. ఆమె గెలిస్తే కుర్చీల ఎవరు కూసుంటరో నీకు చెప్పాల్నా?"

చెప్పనక్కర్లేదు. మా సమాధుల జాగా ఊరికి పడమర, మహిపాల్ చేలకు అవతల ఉంది. ఊరి భూముల పాత నక్షాలో బండ్ల బాట ఉందంటారు. ఆ బాట మీద మహిపాల్ గట్టు పోసి, ముండ్లకంప వేసి పదేళ్లయింది. మూడేళ్ల కింద శ్రావణమాసంలో మా ఆయన పోయాడు. నల్లరేగడిలో మోకాళ్ల దాకా దిగబడుతూ శవపెట్టె మోసుకుపోయారు. గట్టు దగ్గర యేసుబాబు కాలు జారింది. పెట్టె ఒక పక్కకు ఒరిగి బురదలో పడింది. మూత ఊడలేదు గాని లోపల ఆయన కదిలిన చప్పుడు నేను విన్నాను. ఆ చప్పుడు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

అందుకే బుచ్చన్న మాటకు ముందు నా గుండె ఎగిసింది. ఆ వెంటనే పుస్తకం గుర్తొచ్చింది.

"జ్ఞానస్నానమైనోళ్లు సర్కారు లెక్కల ఎస్సీలు గారు గదా," అన్నాను. "బీసీ-సి అంటరు."

"కాగితం మీద సరిత హిందువే. ఆమె సదువుకునేటప్పుడు వాళ్ల నాయిన తీసిన ఎస్సీ సర్టిఫికెట్ ఉంది," అన్నాడు బుచ్చన్న. "కాగితం మీద నీ కొడుకు గూడ హిందువే. యేసుబాబు అని పేరు సదివి, ఆఫీసరు నవ్వుకుంట ముద్రేసిండు."

అందరూ నవ్వారు. యేసుబాబు కూడా.

"పుస్తకంల ఉంది," అన్నాను.

నవ్వు ఆగింది. బుచ్చన్న జ్ఞానస్నానం తీసుకోనివాడు. మా ఆయన ఎన్నిసార్లు పిలిచినా "నువ్వు పోయే మోక్షం తలుపు జర తెర్సి పెట్టన్నా, నేను ఎనక వస్త" అని తప్పించుకునేవాడు. ఇప్పుడు మాత్రం వేళాకోళం చేయలేదు.

"ఆ పుస్తకం ఎవల దగ్గరున్నది వదినా?"

"నా దగ్గరనే."

"అయితే నీ చేతులనే ఉంది," అని లేచిపోయాడు.

ఆ రాత్రీ మర్నాడూ నాకు ఒక చోట కుదురు లేదు. ఊడ్చిన వాకిలే మళ్లీ ఊడ్చాను. జపమాల పట్టుకుంటే ఏ పూస దగ్గర ఉన్నానో మరిచిపోయి మొదటికి వచ్చేదాన్ని. మధ్యాహ్నం సరిత పొయ్యి దగ్గరికి వచ్చి కూర్చుంది. నా మనవరాలు సింధూజ అంగన్‌వాడీకి పోయింది. ఇంట్లో మేమిద్దరమే.

"అత్తా, పుస్తకంల నా పేరు కొట్టేస్తే ఏమైతది?"

"కాగితం మీద పోతది. నీ మీదికెళ్లి పోదు. అది ఒక్కసారి పడ్డ ముద్ర. ఫాదర్ తీసెయ్యలేడు, పోపుగారు గూడ తీసెయ్యలేడు."

"ఆరేండ్ల కింద ఆ ముద్ర నేను అడిగిన్నా? రిజిస్టర్ ఆఫీసుల పెండ్లి చేస్కుంటమంటే, గుడిల తాళి కట్టకుంటే ఇంట్ల అడుగు పెట్టనియ్యనంటివి."

"అన్న."

"మా అమ్మ మూడు దినాలు అన్నం తినలే. మల్దకల్ తిమ్మప్పకు మొక్కి కన్న బిడ్డను కిరస్తానంల కలుపుకుంటున్నరని ఏడ్సింది. అయినా వచ్చిన. ఆరు నెలలు జపాలు నేర్చుకున్న."

"ఇప్పుడు నీకు ఇష్టం లేదా బిడ్డా?"

సరిత కళ్లలో నీళ్లు తిరిగాయి. కోపంగానే అంది. "ఇష్టం లేకుంటే నాకు గింత పరేషానెందుకు? ఇష్టం లేనోళ్లకైతే అది ఒక్క గీత గదా అత్తా!"

రొట్టె పెనం మీద మాడింది. ఆమె తీసి పక్కన పెట్టి మళ్లీ అంది.

"నువ్వు మహిపాల్ పటేలు చేన్ల కూలికి పోయినప్పుడు దూప అయితే నీళ్లెట్ల పోసిండ్రు?"

"దోసిట్ల."

"ఈమె హిందువా, కిరస్తానమా, ఏ పుస్తకంల పేరుంది అని అడిగి పోసిండ్రా?"

"అడగలే."

"మరి దోసిట్ల నీళ్లు పోసేటందుకు అక్కర లేని పుస్తకం, కుర్చీల కూసుండేటందుకు ఎందుకు?"

ఆ ప్రశ్నకు సత్యోపదేశంలో నేను చదివిన జవాబు లేదు. సర్కారు పెట్టిన ఆ నియమం న్యాయమని నేను ఆనాడూ అనుకోలేదు, ఈనాడూ అనుకోను. కాని నియమం వంకరగా ఉందని నా నాలుక వంకర చేసుకోవచ్చా? మంచి జరుగుతుందని చెడు చేయకూడదని నేనే ముప్పై మంది పిల్లలకు నేర్పాను. ఎనిమిదో ఆజ్ఞ, అబద్ధ సాక్ష్యం పలకవద్దు. దాని కిందే ఇంకో మాట కూడా నేర్పాను. ఎదుటివాడికి హక్కు లేని నిజాన్ని అడిగినా చెప్పనక్కర్లేదని. ఒకరి గుట్టు బయటపెట్టి చెరపడమూ పాపమేనని. ఆ రెండు మాటల మధ్య నేను సరిగ్గా ఎక్కడ నిలబడాలో ఎవరూ నేర్పలేదు.

నామినేషన్లు మొదలైన రోజే ఆగమనకాలం మొదటి ఆదివారం. ఫాదర్ ఇన్నయ్య మోటర్ సైకిల్ మీద వచ్చాడు. గుంటూరు వైపు మనిషి, ముప్పై అయిదేళ్లుంటాయి. గడప దాటకుండానే నవ్వుతాడు. ఆయన పూజ త్వరగా ముగిస్తాడని, ప్రసంగంలో జోకులేస్తాడని నాకు లోలోపల చిన్న కినుక ఉంది. పూజ అయ్యాక పీఠం బట్టలు మడతపెట్టి ఆయన దగ్గరికి పోయాను.

"ఫాదర్, ఒకటడగాలె. ఒక మనిషి తన విశ్వాసాన్ని దాచుకొని నలుగురికి మేలు చేస్తే అది తిరస్కరించినట్టేనా?"

ఆయన నవ్వు తగ్గింది. ఊరంతా అనుకుంటున్నది ఆయన చెవిన పడకుండా ఉంటుందా?

"అమ్మా, ఇది ఆ మనిషి వచ్చి నన్ను అడగాల్సిన ప్రశ్న. మీరడిగితే నేనేం చెప్పను?"

"పాత ఫాదర్ అయితే అవునో కాదో చెప్తుండె."

"చెప్పేవారేమో. ఎస్సీ కాగితం చింపుకొని రమ్మని నేను ఎవరికీ చెప్పలేను. అబద్ధం ఆడమనీ చెప్పలేను. ఈ రెంటికీ మధ్య మీ వాడలో ప్రతి ఇల్లూ ఎట్లా బతుకుతోందో నాకు తెలుసు."

నాకు తృప్తి కాలేదు. ఇంటికి పోయాను, రేకుపెట్టె తెరిచాను, మైనపుగుడ్డతో సహా పుస్తకం తెచ్చి ఆయన చేతిలో పెట్టాను.

ఆయన ఆశ్చర్యంగా చూశాడు. "మూడేళ్లు అడిగితే ఇవ్వలేదు. ఇవాళేంటమ్మా?"

"పెట్టెకు చెదలు పట్టినయి ఫాదర్."

అది నిజమే. వర్షాకాలంలో పెట్టె కింద వేసిన చెక్కకు చెదలు పట్టి, అడుగు రేకు తుప్పు బొక్కల్లోంచి లోపలికి వచ్చి రెండు పీఠం బట్టల అంచులు కొరికాయి. నేనే గ్యాసునూనె పోసి చంపాను. పుస్తకానికి మాత్రం ఏమీ కాలేదు. ఫాదర్ నా ముఖం ఒక నిమిషం చూశాడు. ఇంకేమీ అడగకుండా పుస్తకం సంచిలో పెట్టుకుని బండి తీశాడు. పెద్దమందడి దారిలో దుమ్ము అణిగేదాకా నేను అక్కడే నిలబడ్డాను. అబద్ధం ఒక్కటి కూడా ఆడలేదని నాకు నేను చెప్పుకున్నాను. ఎందుకు చెప్పుకోవాల్సి వచ్చిందో ఆలోచించలేదు.

రెండో నాడు సరిత నామినేషన్ వేసింది. ఆ మర్నాడు, పరిశీలనకు ముందు రోజు, మహిపాల్ పటేలు మా ఇంటికి వచ్చాడు. మా వాడలోకి ఆయన కాలు పెట్టడం నేను చూడటం అదే మొదలు. వెంట భీమయ్య. చుట్టుపక్కల ఇళ్లవాళ్లు గోడల మీది నుంచి తొంగిచూస్తున్నారు. సరిత ఇంట్లో లేదు.

"బాగున్నవా రాధమ్మా?" అన్నాడు, నేను వేసిన కుర్చీలో కూర్చుంటూ.

"దేవుని దయ, పటేలా."

"నేను మొకాన చెప్పే మనిషిని. నీ కోడలికి గుడిల నీళ్లు పోసిండ్రని ఊరందరికీ తెల్సు. కాని ఆఫీసరు నోటి మాట వినడు, కాగితం కావాలంటడు. నువ్వు అబద్ధమాడవని నాకు తెల్సు. ఉపాధి పనికి పోని దినం హాజరు పడితే, పోయి కొట్టేయించుకున్నదానివి. నిన్ను అబద్ధమాడమంటలేను. ఆ పుస్తకం ఒక్కసారి చూపియ్యి, ఫోటో తీసుకొని పోత."

"పుస్తకం నా దగ్గర లేదు."

"లేదా?" ఆయన నమ్మలేనట్టు చూశాడు. "ఇస్రాయేలు ప్రాణం లెక్క చూసుకుండె గదా?"

నేను లోపలికి పోయి రేకుపెట్టె ఈడ్చుకొచ్చి ఆయన ముందు పెట్టి మూత తీశాను. ఎందుకు తెచ్చాను? ఎవరూ తెమ్మనలేదు. బహుశా నా మాట నిజమని నాకే రుజువు కావాలనిపించింది. భీమయ్య వంగి చూశాడు. కొరికేసిన బట్టల అంచులు, అడుగున ఎర్రమట్టి చారలు.

"అరె, చెదలు తిన్నయి పటేలా," అన్నాడు భీమయ్య.

మహిపాల్ నా ముఖంలోకి చూశాడు. "పుస్తకం గూడ తిన్నయా రాధమ్మా?"

గోడల మీది తలలన్నీ నా వైపే ఉన్నాయి. ఒక్క మాట. లేదు, పుస్తకం మిషన్‌లో ఉంది, అనవచ్చు. నువ్వడగొద్దు, నీకు హక్కు లేదు, అనవచ్చు. అలా అన్నా నేను నేర్పిన పాఠానికి సరిపోయేదే. నేను వంగి పెట్టెలోని ఒక బట్ట తీశాను. కొరికిన అంచును చేత్తో సవరించాను. మళ్లీ మడిచి లోపల పెట్టాను.

"పాపం," అన్నాడు మహిపాల్. నిజంగానే జాలిపడ్డాడు. "మొగని చేతిరాత."

లేచి పోయాడు.

మర్నాడు పంచాయతీ ఆఫీసులో పరిశీలన. నేను బయట అరుగు మీద కూర్చున్నాను. ఆఫీసరు సరిత పేరు చదివి, అభ్యంతరాలున్నాయా అని అడిగాడు. భీమయ్య భార్య తరఫున వచ్చినాయన కాగితం పట్టుకుని లేచాడు. మహిపాల్ గొంతు కిటికీలోంచి వినబడింది.

"కూసోవయ్యా. పుస్తకమే లేదంట. రాధమ్మ చెప్పింది. ఆమె నోట్లకెళ్లి అబద్ధం రాదు."

లోపల కుర్చీ కిర్రుమంది. ఆఫీసరు తర్వాతి పేరు చదివాడు.

ఇరవై ఆరేళ్లు ఉపదేశి భార్యగా నేను కూడగట్టుకున్నది ఒక్కటే, నా మాట. అది ఆ ఒక్క నిమిషంలో ఖర్చయిపోయింది. ఊళ్లో ఎవరికీ తెలియలేదు. ఇంకా అది నా దగ్గరే ఉందనుకుంటున్నారు.

తర్వాతి రోజులు తొక్కిసలాటలా గడిచాయి. మా ఇంటి వాకిలి మాది కాకుండా పోయింది. ఎవరో టీ పెట్టమంటారు, ఎవరో చాప పరచమంటారు. సరితకు కత్తెర గుర్తు వచ్చింది. వాడ ఆడవాళ్లంతా చేతుల్లో కత్తెర్లు పట్టుకుని తిరుగుతుంటే, దర్జీ కిష్టన్న తన కత్తెర కనబడక లబలబలాడాడు. మల్దకల్ జాతర ఆ వారమే వచ్చింది. సరిత తల్లి బుజ్జమ్మ కబురు చేసింది. బిడ్డ తిమ్మప్ప దర్శనం చేసుకుని, ఆ ఫోటో ఫోన్లో పెడితే ఇంక ఎవరూ నోరెత్తరని బుచ్చన్న కూడా అన్నాడు.

బయల్దేరే ముందు సరిత నా దగ్గరికి వచ్చింది. మెడలోంచి ఉత్తరీయం తీసింది, మావాళ్లు విశ్వాసానికి గుర్తుగా వేసుకునేది. రెండు గోధుమరంగు గుడ్డముక్కలు, మధ్య దారం. జ్ఞానస్నానం నాడు నేనే వేశాను.

"జర దాచు అత్తా."

"పోకుంటే ఏమైతది సరితా?"

"పోకుంటే ఓడిపోత. ఓడిపోతే మామ పెట్టె పడ్డ కాడనే రేపు నీ పెట్టె పడ్తది." ఆ మాట అనేసి నాలుక కరుచుకుంది. "గట్ల గాదత్తా..."

"పోయి రా," అన్నాను.

ఉత్తరీయం రేకుపెట్టెలో పెట్టాను. రెండు రోజుల తర్వాత యేసుబాబు ఫోన్లో ఆమె ఫోటో చూపించాడు. నుదుటిన పెద్ద కుంకుమబొట్టు, మెడలో తులసిమాల, పక్కన బుజ్జమ్మ ముఖం వెలిగిపోతోంది. ఆరేళ్ల తర్వాత తన బిడ్డ తనకు దొరికినట్టు. ఆ తల్లి ముఖం చూసి నాకు కోపం రాలేదు. కోపం రానందుకు భయమేసింది.

పోలింగ్ ఆదివారం పడింది. ఆగమనకాలం మూడో ఆదివారం, గులాబీరంగు కొవ్వొత్తి వెలిగించి సంతోషించమని చెప్పే ఆదివారం. ఒంటిగంటకు ఓట్లు ముగిశాయి, సాయంత్రానికి లెక్కింపు అయింది. సరిత పందొమ్మిది ఓట్లతో గెలిచింది. డప్పులు మోగాయి. యేసుబాబు ముఖం నిండా గులాలు. బుచ్చన్న చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. సరిత వచ్చి నా కాళ్లకు దండం పెట్టింది. ఎప్పుడూ చేసినట్టు ఆమె నుదుటి మీద బొటనవేలితో సిలువ గుర్తు వేయడానికి చెయ్యి ఎత్తాను. అక్కడ బొట్టు ఉంది. చుట్టూ ఫోన్లు పైకి లేచి ఉన్నాయి. చెయ్యి ఆమె తల మీద పెట్టి ఊరుకున్నాను.

ప్రమాణం చేసిన మర్నాడే ఆమె పాత నక్షా పట్టుకుని మండల ఆఫీసుకు పోయింది. సర్వేయరును వెంటబెట్టుకుని వచ్చింది. గొలుసు పట్టి కొలిచారు. బండ్ల బాట నక్షాలో ఉన్నది ఉన్నట్టే ఉంది, మహిపాల్ గట్టు కింద. మహిపాల్ కాసేపు అరిచాడు, కాగితం చూశాడు, కంప తీసుకోవడానికి ఒకరోజు గడువడిగాడు. సరిత ఇచ్చింది. క్రిస్మస్ ముందు రోజు యేసుబాబు జేసీబీతో గట్టు తీశాడు. పొద్దు వాలకముందు నేను ఒక్కదాన్నే ఆ బాటన నడిచి మా ఆయన దగ్గరికి పోయాను. పోయినప్పుడల్లా చెప్పులు చేత పట్టుకుని పోయేదాన్ని. ఆ రోజు చెప్పులతోనే పోయాను. మడమలకు మట్టి అంటలేదు. సిలువ పక్కన కూర్చుని ఆయనతో ఏదో చెబుదామనుకున్నాను. "మీ పుస్తకం క్షేమంగానే ఉంది," అన్నాను. అంతకంటే చెప్పలేకపోయాను.

క్రిస్మస్ నాడు మా ఊరి వంతు పొద్దున తొమ్మిదింటికి. వనపర్తిలో పూజ ముగించుకుని ఫాదర్ వచ్చాడు. పూజకు ముందు గుడి పక్క వేపచెట్టు కింద కుర్చీ వేసుకుని, ఒక్కొక్కరే వచ్చి చేసిన పాపాలు ఒప్పుకునే పాపసంకీర్తనాలు విన్నాడు. వరసలో చివరిదాన్ని నేను. మోకాళ్ల మీద కూర్చుని అంతా చెప్పాను. పుస్తకం ఎందుకిచ్చానో, పెట్టె ఎందుకు తెరిచానో, బట్ట ఎందుకు మడిచానో.

"నోటితో అబద్ధం ఆడలేదు కదమ్మా," అన్నాడు మెల్లగా. "ఆ పటేలుకు ఆ నిజం అడిగే హక్కూ లేదు."

ఆయన నాకు దారి ఇస్తున్నాడు. జాలిపడి ఇస్తున్నాడు. మూడు వారాలుగా ఆ దారిలో నేనెన్నిసార్లు నడిచి చూశానో ఆయనకు తెలియదు.

"హక్కు లేదని చెప్పి పంపితే పాపం లేదు ఫాదర్. నేనట్ల చెప్పలే. నా మాట మీద ఆయనకున్న నమ్మకంతోటే ఆయన్ని మోసం చేసిన. నేనేం జేసిన్నో నాకు తెల్సు."

"సరే. దానికి పశ్చాత్తాపపడుతున్నారా?"

నేను తల ఎత్తాను. చెట్టు సందుల్లోంచి పడమటి చేలు కనబడుతున్నాయి. కొత్త బాట తెల్లగా, సన్నగా, సమాధుల దాకా. రెండు వైపులా కొలతరాళ్లు.

"మళ్లీ అదే దినం వస్తే?" అన్నాడు ఫాదర్.

"అదే చేస్త ఫాదర్."

పశ్చాత్తాపం లేకుండా ఆయన పాపవిమోచనం పలికినా అది చెల్లదని, విమోచనం లేకుండా సత్ప్రసాదం ముట్టకూడదని నేనే పిల్లలకు నేర్పాను. ఆయనకూ తెలుసు. మెడలోని ఊదారంగు పట్టీ సవరించుకున్నాడు.

"అయితే జర ఆగుదాం," అన్నాడు. మా మాటలో అనడం అదే మొదటిసారి. "దేవుడికి తొందర లేదు. మళ్లీ రండి."

ఆయన్ని నేను అన్నాళ్లూ తేలికగా తూచాను. అది కూడా ఒప్పుకోవాల్సిన పాపమే.

గుడి నిండిపోయింది. సర్పంచి వస్తోందని ఎవరో ముందు వరసలో, పీఠానికి దగ్గరగా, ఎర్రగుడ్డ కప్పిన ప్లాస్టిక్ కుర్చీ వేశారు. క్రిస్మస్‌కు వచ్చే నాయకులకు వేసే కుర్చీ అది. సరిత వచ్చింది, బొట్టుతో, సింధూజ చెయ్యి పట్టుకుని. ఎవరో కుర్చీ చూపించారు. ఆమె తల అడ్డంగా ఊపి, అన్నిటికీ వెనక, తలుపు పక్కన చాప మీద కూర్చుంది. అతిథిలా ముందు కూర్చోలేదు, ఇంటిమనిషిలా మధ్యలోకీ రాలేదు.

నేను ఎప్పటిలాగే ముందు ఉన్నాను. పాటలు నేనే ఎత్తుకున్నాను. గొంతు ఎక్కడా తడబడలేదు. సత్ప్రసాదానికి గంట కొట్టారు. జనం వరస కట్టారు. ఎప్పుడూ మొదట మోకరించేది నేనే గనుక అందరూ నేను లేస్తానని ఆగారు. లేచాను. ముసుగు సవరించుకున్నాను. పీఠం వైపు కాకుండా, వరస పక్కనుంచి వెనక్కి నడిచాను.

మా వాడ ఆడవాళ్లు నా వైపు చూసి, ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. కాళ్లు తిమ్మిరెక్కాయేమో ముసలిదానికి అనుకుని ఉంటారు. నలభై ఏళ్లలో ఒక్క క్రిస్మస్ కూడా నేను సత్ప్రసాదం లేకుండా ఇంటికి పోలేదు.

చాప మీద సరిత పక్కన కూర్చున్నాను. ఆమె కంగారుగా నా వైపు తిరిగింది.

"ఏమైందత్తా? పానం బాగలేదా?"

"బాగనే ఉంది."

"మరి పోలేదేంది?"

ఆమె నా ముఖం చూసింది. తర్వాత వరసను చూసింది. తర్వాత ముందున్న ఖాళీ కుర్చీని. నేను చెప్పని దాన్ని ఒక్కొక్కటిగా ఆమె పోగుచేసుకోవడం నాకు కనబడింది. పుస్తకాన్ని చెదలు తిన్నాయనే ఆమె కూడా అనుకుంటూ ఉండింది. ఇంట్లో ఎవరూ నన్ను అడగలేదు, నేను చెప్పలేదు.

"పుస్తకం ఉందా అత్తా?" అంది గుసగుసగా.

"ఉంది. మిషన్ల. నీ పేరు గూడ ఉంది."

ఆమె సింధూజను దగ్గరికి లాక్కుంది. వరస నెమ్మదిగా ముందుకు కదులుతోంది. ఒక్కొక్కరే చేతులు చాచి తీసుకుని తిరిగి వస్తున్నారు. మమ్మల్ని దాటి పోతూ ఎవరూ మా వైపు చూడటం లేదు. చూడకుండా ఉండటానికి ప్రయత్నం చేస్తున్నారని తెలుస్తోంది.

"సర్పంచి పదవి ఐదేండ్లత్తా," అంది సరిత. "ఐదేండ్లు గిట్లనే, ఈ తలుపు కాడ కూసుంటమా?"

బయట నుంచి చలిగాలి వస్తోంది. ఆమె కూర్చున్న చోట చాప చాలక పాదాలు బండల మీద ఉన్నాయి. నేను కొంచెం జరిగి, చాప ఆమె వైపు లాగాను.

"కాళ్లు మీదికి పెట్టుకో," అన్నాను. "బండలు సల్లగున్నయి."